ఇచ్చినోళ్ల పేరు

గిన్నె చేతికిచ్చిన ఎవరినైనా పీర్ మహమ్మద్ మొదట అడిగే మాట ఒకటే. "ఉంచుకుంటరా, పెడతరా?"

ఉంచుకునేదైతే పొడి అక్షరాలు చాలు. ఎవరికైనా పెట్టేదైతే పెట్టేవాళ్ల పేరు, ఊరు, తారీఖు పూర్తిగా పడాలి. నల్గొండలో గడియారం దగ్గర గిన్నెల దుకాణం అరుగు మీద ఇరవై రెండేళ్లుగా కూర్చుని అతను ఇదే పని చేస్తున్నాడు. ఆ ఇరవై రెండేళ్ల ఫలితంగా ఊళ్లో చాలా ఇళ్లలో గిన్నెల మీద ఆ ఇంటివాళ్ల పేర్లు లేవు. ఒకరింట్లో అన్నం గిన్నె మీద మేనత్త పేరు, పాల గిన్నె మీద ఆఫీసులో తోటి గుమాస్తా పేరు ఉంటాయి. పెళ్లి ఎవరిదో ఆ పెళ్లి గిన్నెలను బట్టి చెప్పడం సాధ్యం కాదు. కూర పెట్టుకొచ్చిన గిన్నెను తిరిగి ఇచ్చేటప్పుడు దాని మీద పేరు చూసి ఇస్తే అది భువనగిరి పోతుంది. అందుకని ఆడవాళ్లు పేరు చదవరు, సొట్ట చూసి గుర్తుపడతారు.

అతని కూతురు వజీరా కూడా పేర్లే కొట్టేది, కాకపోతే కంప్యూటరులో. మహిళా కళాశాలలో బీకాం చదివి, ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, కృష్ణాతీర గొర్రెల కాపరుల సమాఖ్య ఆఫీసులో చేరింది. ఉద్యోగం ఆరు నెలలకొకసారి కాగితం మీద పొడిగిస్తారు. ఇప్పటికి మూడు కాగితాలయ్యాయి. నాలుగోది 1998 ఆగస్టు ముప్పై ఒకటిన రావాలి.

గొర్రెలున్న ప్రతి మనిషి పేరు, ఊరు, గొర్రెల సంఖ్య ఎక్కించడం ఆమె పని. ఆ జాబితాను బట్టే గొర్రెల కడుపులో పురుగులకు పోసే నట్టల మందు వస్తుంది. జాబితాలో లేని మనిషి గొర్రెలకు మందు లేదు. వానాకాలంలో మందు పడని గొర్రె ఏమవుతుందో కాపరులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆఫీసులో ఉన్న కంప్యూటరు ఒకటే. అది మొదట కొల్లాపూర్ శాఖకు వచ్చింది. అక్కడ కరెంటు సరిగా లేదని నిరుడు నల్గొండకు పంపారు. దాంట్లో రెండు డిస్కులున్నాయి. ఒకదాని మీద ఏం రాస్తే రెండోదాని మీద కూడా అదే రాయమని లోపలి సాఫ్ట్‌వేరుకే చెప్పిపెట్టారు. మిర్రర్ అంటారు. ఒక డిస్కు పోయినా రెండోది ఉంటుందని ధైర్యం. నకలు టేపులు పది కొన్నారు గానీ ఆ ధైర్యం మీద ఒక్కటీ విప్పలేదు. అవి స్టోరు గుమాస్తా గుర్వయ్య బీరువాలో కవర్లతో సహా ఉన్నాయి. విప్పితే స్టాకులో తొమ్మిదే మిగులుతాయని అతని అభ్యంతరం.

జనవరి నుంచి కంప్యూటరు తెరవగానే తెర మీద ఇంగ్లీషులో ఒక చిన్న డబ్బా వస్తోంది. ఏదో ఒకటి పనిచేయడం లేదని దాని సారాంశం. ఏది పనిచేయడం లేదో దాంట్లో లేదు. వజీరా మొదటి రోజే మేనేజరు జానయ్యకు చెప్పింది.

"ఓకే నొక్కితే పోతాందా?" అని అడిగాడు జానయ్య.

"పోతాంది సార్."

"మరి పోతుంటే బాధేంది?"

ఆ తర్వాత ఏడు నెలలు ఆమె రోజూ పొద్దున ఓకే నొక్కింది. అది రోజూ పోయింది.

* * *

మూడు నెలలకొకసారి హైదరాబాదు నుంచి కంప్యూటరు కంపెనీ మనిషి వచ్చి దుమ్ము దులిపి పోవాలని ఒప్పందం. నిరుటి దసరా నుంచి ఎవరూ రాలేదు. ఆగస్టులో ఒక మంగళవారం వచ్చినతను కొత్తవాడు. టై కట్టుకున్నాడు. పేరు పర్వతాలు. ఆ పేరు విన్నాక గుర్వయ్య, "ఏ ఊరు మీది?" అని అడిగాడు గానీ అతను హైదరాబాదనే చెప్పాడు.

చెప్పులు బయట విడిచి, కంప్యూటరు డబ్బా విప్పి, దసరా నాటి పసుపు కుంకుమలు బ్రష్షుతో ఊడ్చి, పర్వతాలు లోపలికి తొంగిచూశాడు. తర్వాత ఒక బద్దీలాంటి తీగను పట్టుకుని చూపించాడు. "ఒక డిస్కు కేబులు ఊడి ఉంది మేడమ్. ఇది ఎప్పటి నుంచో పనిచేయట్లేదు. మీకు మెసేజ్ ఏమీ రాలేదా?"

"వచ్చింది," అంది వజీరా.

"మరి?"

"ఓకే నొక్కినం."

అతను రెండు డిస్కులూ బయటికి తీసి దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టి, కేబుళ్లు బిగించి కంప్యూటరు తెరిచాడు; ఊడి ఉన్నది ఏదో ఇప్పుడు అతనికీ తెలియదు. రెండు డిస్కులూ తిరిగాయి. జతను విడదీసి రెండింటినీ వేరువేరుగా తెర మీదికి తెచ్చుకున్నాడు. అప్పుడు తెర దగ్గరికి వంగాడు.

ఒక డిస్కు పేరు నల్గొండ. ఇంకోదాని పేరు కొల్లాపూర్.

"ఇదేంటి? జతలో రెండింటికీ ఒకటే పేరుండాలి. రెండు పేర్లు ఎట్లొచ్చినయ్?" అన్నాడు పర్వతాలు. మేనేజరును పిలిపించాడు. జానయ్య వచ్చాడు. పెద్ద సంగతులు జరిగే చోట స్టోరు మనిషి ఉండాలని గుర్వయ్య కూడా వచ్చాడు. కిటికీ బయట కేతేపల్లి నుంచి వచ్చిన కురుమయ్య అనే ముసలాయన గొంగడి భుజాన వేసుకుని పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడు. జూన్‌లో కేతేపల్లి క్యాంపులో తన పేరు రాసుకున్నారట. రాసుకున్నామంటే సరిపోదు, చూపించమని అతని పట్టు.

"సార్, మీ మిషను కొల్లాపూర్ నుంచి వచ్చిందా?" అని అడిగాడు పర్వతాలు.

"వచ్చింది."

"అదే. వాళ్ల పాత డిస్కు ఒకటి దీంట్ల పడ్డది." అతని హైదరాబాదు మాట కొంచెం జారింది. వెంటనే సర్దుకున్నాడు. "ఇది వాళ్ల డేటా. మీది నల్గొండ డిస్కు. కొల్లాపూర్ దాన్ని తుడిచేసి, నల్గొండ దాన్ని దాని మీదికి కాపీ చేస్తాను. మళ్లీ జత అయిపోతుంది. గంట పని."

"తేదీలు చూడరాదా? ఏది కొత్తదో తెలుస్తది," అన్నాడు జానయ్య. ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

పర్వతాలు చూశాడు. రెండు డిస్కుల్లోని ఫైళ్లన్నీ 1980 జనవరి ఒకటో తారీఖువే. లోపలి గడియారం బ్యాటరీ పోయి ఏడాదిన్నర అయింది. కొత్త బ్యాటరీకి ఇండెంటు పెట్టారు, అది కొల్లాపూర్ పేరు మీద ఉన్న వస్తువు కాబట్టి కొల్లాపూరే పెట్టాలని వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి ఈ ఆఫీసులో ప్రతి రోజూ కొత్త సంవత్సరమే.

"సైజు చూద్దాం," అన్నాడు పర్వతాలు. "నల్గొండ దాంట్లో ఫైలు పెద్దది. కొల్లాపూర్ దాంట్లో చిన్నది. పేర్లు ఎక్కించుకుంటా పోతే ఫైలు పెరుగుద్ది గానీ తరగదు గదా. నల్గొండదే కొత్తది. డౌటు లేదు."

జానయ్య తల ఊపాడు. అప్పుడే ఆయనకు ఇంకో సందేహం వచ్చింది. "అయితే మన మిషన్ల కొల్లాపూర్ అని పేరు పెట్టిందెవరు? కంపెనీవాళ్లా, మనోళ్లా?"

కంపెనీ కాదన్నట్టు పర్వతాలు తల అడ్డంగా ఊపాడు.

పెట్టింది వజీరా. ఫిబ్రవరిలో ఆడిటు వచ్చినప్పుడు, వేరే శాఖ నుంచి వచ్చిన ప్రతి వస్తువు మీదా ఇచ్చిన శాఖ పేరు ఉండాలని రాసి పోయారు. గుర్వయ్య తెల్ల రంగు డబ్బా తెచ్చి, తెర మీద, కీబోర్డు మీద, దుమ్ము పడకుండా కప్పే గుడ్డ మీద, స్టూలు అడుగున కొల్లాపూర్ అని రాశాడు. కుంచె ఆరకముందే ఆమె దగ్గరికి వచ్చాడు. "వజీరమ్మా, లోపల డిస్కు ఉంటదంటవు గద, దాని మీద ఏమున్నది?"

"దాని పేరు నల్గొండ అని ఉన్నది సార్."

"గదెట్లయితది? ఇచ్చినోళ్ల పేరుండాలె గద. మీ నాయిన ఎట్ల కొడ్తడు? నేను నీ పెండ్లికి బిందె పెడ్తే దాని మీద నా పేరుంటదా, నీ పేరుంటదా?"

ఈ వాదనలో ఆమెకు తప్పు కనిపించలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఒక్క నిమిషంలో మార్చేసింది. మేనేజరు అప్పుడు సెలవు మీద పోయి ఉన్నాడు. కంప్యూటరు అమరికలో ఎవరైనా వేలు పెడితే ఆ రోజే ఇంటికి పంపిస్తానని ఆయన గోడ మీద కాగితం అంటించి ఉన్నాడు. ఆ కాగితం కొట్టింది కూడా ఆమే.

ఆమె గుర్వయ్య వైపు చూసింది. గుర్వయ్య ఫ్యాను వైపు చూస్తున్నాడు.

రెండూ ఒకటే రాత గదా, అనుకుంది వజీరా. ఏది పోతేనేం. కొల్లాపూర్ పోతే ఆ పేరుతో పాటు తన తప్పు కూడా పోతుంది. నాలుగో కాగితం వస్తుంది.

"అన్నం తిని వచ్చి మొదలుపెడతా," అన్నాడు పర్వతాలు. "మూడున్నర బస్సుకు పోవాలి నేను."

"నా పేరు?" అన్నాడు కిటికీ లోంచి కురుమయ్య.

"మిషను విప్పి ఉన్నది తాతా. మధ్యాహ్నం రా," అంది వజీరా.

"నేను పోతే గద మళ్ల వచ్చేది. ఈడనే ఉంట."

* * *

మధ్యాహ్నం తండ్రికి టిఫిను డబ్బా తీసుకుపోవడం ఆమె అలవాటు. గడియారం దగ్గరికి పోయేసరికి పీర్ మహమ్మద్ ముందు బక్కమ్మ కూర్చుని ఉంది. బక్కమ్మ కూరగాయలమ్ముతుంది, గొంతు సంతంత ఉంటుంది. ఆమె చేతిలో ఒక స్టీలు గ్లాసు ఉంది.

"ఆరు గ్లాసులు నువ్వే గద పేర్లు కొట్టినవు? దీని మీద ఎందుకు లేదు? ఐదుకే కొట్టి ఆరిటికి తీసుకున్నవా ఏంది?" అంటోంది బక్కమ్మ.

పీర్ మహమ్మద్ గ్లాసును తిప్పి చూశాడు. వెనక వేలితో తట్టాడు. "గీ గ్లాసు ఆ రోజు రాలేదు చెల్లె."

"ఎట్ల రాలేదు? ఆరూ ఒక్క పెట్టెలయే."

"ఒక్క పెట్టెలయే. గాని పేరు పడ్డ రోజు ఇది ఈడ లేదు. ఉంటే దీని మీద కూడ పడేది గద. యాదికి తెచ్చుకో. ఎవరింటికన్న పోయిందేమో."

బక్కమ్మ నొసలు కొట్టుకుంది. "సోమమ్మకు మజ్జిగ పంపిన. ముదనష్టపుది, నెల దాకా ఇయ్యలే."

"గదే మరి. అయిదూ పేరు కొట్టించుకునేటప్పుడు ఇది సోమమ్మ ఇంట్ల కూసున్నది." గ్లాసును అరుగు మీద పెట్టి కూతురు వైపు తిరిగాడు. "డబ్బా ఇయ్యి బేటా. ఏందట్ల నిలబడ్డవు? పప్పు ఒలికిందా?"

వజీరా డబ్బా ఇచ్చింది. ఆమె కళ్లు ఆ గ్లాసు మీదే ఉన్నాయి.

పేరు పడ్డ రోజు ఇది ఇక్కడ లేదు.

ఫిబ్రవరిలో తను పేరు మార్చినప్పుడు రెండు డిస్కులూ పనిచేస్తుంటే రెండింటి పేరూ మారేది. ఒకదానిదే మారింది. అంటే నల్గొండ అనే డిస్కు ఆ రోజు లేదు. కేబులు ఊడి, జనవరిలోనే, తెర మీద ఆ డబ్బా మొదటిసారి వచ్చిన రోజే సోమమ్మ ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత రాసిన ఒక్క పేరూ దానికి తెలియదు. కేతేపల్లి క్యాంపు తెలియదు, రామన్నపేట క్యాంపు తెలియదు. రెండు వేల మూడు వందల మంది. సరైన పేరున్నది పాతది. తప్పుడు పేరున్నదే తన ఏడు నెలలు.

అతను అన్నం తిని వచ్చి ఆ ఏడు నెలలనూ తుడిచేయబోతున్నాడు.

"అబ్బాజాన్, నువ్వు తింటుండు," అని వెనక్కి తిరిగింది.

"నువ్వు తిన్నవా?" అని అతను వెనక నుంచి అరిచాడు. ఆమె అప్పటికే సగం దూరం పోయింది. బక్కమ్మ అంది, "మీ బిడ్డకేమైంది అన్నా, నా గ్లాసును అంతగనం చూసింది?"

* * *

పర్వతాలు తినడానికి చాలాసేపు పట్టలేదు. ఆమె గదిలోకి వచ్చేసరికి అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర మీద కొల్లాపూర్ ఎంచి ఉంది. నిజంగా తుడిచేయాలా అని కంప్యూటరు అడుగుతోంది. జానయ్య పక్కన నిలబడి ఉన్నాడు. గుర్వయ్య తలుపు దగ్గర ఉన్నాడు.

"నొక్కకుండ్రి," అంది వజీరా.

పర్వతాలు వేలు ఆగింది. "ఏం మేడమ్?"

"తప్పు డిస్కు తుడుస్తున్నరు. ఆ కొల్లాపూర్ పేరు నేను పెట్టిన."

జానయ్య కళ్లజోడు తీశాడు. దాన్ని తుడుచుకోలేదు, ఊరికే తీశాడు. "నువ్వు పెట్టినవా?"

"ఫిబ్రవరిల సార్. ఆడిటప్పుడు. డిస్కు కొల్లాపూర్‌ది కాదు. మనదే."

"ఎవరు పెట్టమన్నరు?"

వజీరా ఎవరి వైపూ చూడలేదు. "పెట్టిన సార్. మీకు చెప్పలే. తప్పు నాది. గాని నేను పేరు పెట్టిన రోజు పనిచేస్తున్న డిస్కు అది. ఇంకోటి పనిచేస్తుంటే దాని పేరు కూడ మారేది. మారలే. అంటే అప్పటికే అది ఊడి ఉన్నది. దాంట్ల జనవరి నాటి జాబితా ఉన్నది. దీంట్ల నిన్నటిది ఉన్నది."

పర్వతాలు కుర్చీలో వెనక్కి ఆనాడు. "మేడమ్, నల్గొండ ఫైలు పెద్దగుంది. మీరు చెప్పినట్లయితే కొల్లాపూర్‌ది పెద్దగుండాలి గదా."

"మార్చిల పేర్లు తీసేసినం. ఒక్క మనిషి మూడు ఊర్ల సంఘాల్ల రాయించుకున్నరు. సచ్చిపోయినోళ్లు ఉన్నరు. నాలుగు వేల పేర్లు తీసేసినం. తర్వాత రెండు వేల మూడు వందలు ఎక్కించిన. ఎక్కించినవాటి కన్న తీసేసినవే ఎక్కువ."

"సచ్చినోళ్లకు కూడ మందు తీసుకున్నరా?" అన్నాడు కురుమయ్య కిటికీ లోంచి, ఆసక్తిగా.

జానయ్య కిటికీ వైపు చూడకుండా పర్వతాలును అడిగాడు. "ఏమంటవు?"

"ఆమె చెప్పింది నిజమైతే నిజమే సార్. కానీ ఫిబ్రవరిలో పెట్టారని రుజువేముంది? కంప్యూటరు 1980 అంటుంది. అసలు ఈ డిస్కు వచ్చినప్పటి నుంచీ కొల్లాపూరేమో. మేడమ్ వేరే దాని గురించి చెప్తున్నారేమో." అతను గడియారం చూసుకున్నాడు. "రేపెల్లుండి జాబితా హైదరాబాదు పోవాలన్నారు. నాకు మూడున్నరకు బస్సు."

అప్పటిదాకా తలుపు దగ్గరున్న గుర్వయ్య అక్కడ లేడు. భయపడి పోయాడనుకుంది వజీరా. అతను స్టోరు గది నుంచి పెద్ద అట్ట పుస్తకం ఒకటి మోసుకుని వచ్చాడు. మేజా మీద పెట్టి, వేలు తడి చేసుకుని, పేజీలు తిప్పి ఒక వరుస దగ్గర వేలు ఆనించాడు.

"చదువుండ్రి సార్."

జానయ్య కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "పదకొండు, రెండు, తొంభై ఎనిమిది. తెర ఒకటి, కీబోర్డు ఒకటి, గుడ్డ ఒకటి, స్టూలు ఒకటి, వీటిపై ఇచ్చిన శాఖ పేరు రంగుతో వేయబడినది. లోపలి డిస్కునకు కూడా కొల్లాపూర్ అని పేరు వేయించబడినది. పూర్వపు పేరు నల్గొండ." ఆయన తల ఎత్తాడు. "వేయించబడినది?"

"నేనే వేయించిన," అన్నాడు గుర్వయ్య. "గిప్పటి దాకా చెప్పలే, భయమైంది. గాని రుజువు లేదంటడేంది గీయన? నా రిజిస్టరుల లేనిదేమున్నది?"

తన ఉద్యోగం గురించి కన్నా తన రిజిస్టరు గురించి అతనికి ఎక్కువ బాధగా ఉంది. జానయ్య ఆ వరుసను మళ్లీ ఒకసారి చదివాడు. అది ఆడిటుకు చూపించి సంతకం తీసుకున్న పేజీ. కింద ఆయన సంతకం కూడా ఉంది. ఆయన ఆ సంతకాన్ని కొంతసేపు చూశాడు.

"చదవకుండ పెట్టిన్రు సార్," అన్నాడు గుర్వయ్య, ఊరికే తెలియజేస్తున్నట్టు.

"ఇంక ఎందుకు ఈ తిప్పలు?" అంది వజీరా. "తాత ఉన్నడు గద. జూన్‌ల ఎక్కించిన నేను. నల్గొండ డిస్కుల ఉండడు. కొల్లాపూర్ డిస్కుల ఉంటడు. రెండిట్ల చూస్తే అయిపోతది."

పర్వతాలు బస్సు గురించి ఇంకోసారి చెప్పబోయి మానేశాడు. తుడిచేయాలా అని అడుగుతున్న డబ్బాకు వద్దని జవాబిచ్చాడు. పేర్ల ప్రోగ్రాము నల్గొండ డిస్కు చూసేటట్టు మార్చి, కుర్చీ ఆమెకు ఇచ్చాడు.

వజీరా కేతేపల్లి అని కొట్టింది. కురుమయ్య, తండ్రి పేరు అంజన్న. నొక్కింది.

అలాంటి పేరు లేదని తెర మీద వచ్చింది.

"ఏమన్నది?" అన్నాడు కురుమయ్య.

"లేవంటున్నది."

"లేనా? నేను ఈడ నిలబడ్డ గద." అతను కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. "రెండు బస్సులు మారి వచ్చిన, లేనంటదేంది అది? కండ్లు లేవా దానికి?"

"జర ఆగు తాతా."

పర్వతాలు ప్రోగ్రాము కొల్లాపూర్ డిస్కు వైపు తిప్పాడు. వజీరా అవే అక్షరాలు మళ్లీ కొట్టింది. ఆమె చేతులు ఎప్పటిలాగే కొట్టాయి గానీ, నొక్కాల్సిన చోట కొంచెం ఆగాయి. ఈసారి కూడా లేదని వస్తే ఆమె ఏడు నెలలు ఎక్కడా లేనట్టే.

నొక్కింది.

కురుమయ్య, తండ్రి అంజన్న. కేతేపల్లి. గొర్రెలు నలభై రెండు.

 పర్వతాలు టై కొంచెం వదులు చేసుకున్నాడు. "ఇంకొక్క నిమిషమైతే మొత్తం పోతుండె," అన్నాడు. అప్పుడతని మాటలో హైదరాబాదు ఏమీ మిగల్లేదు. "మాది కొల్లాపూర్ పక్కన్నే సార్. ఆ పేరు చూసి, మా ఊరి డిస్కు ఈడికెట్లొచ్చిందనుకున్న."

"నేను పొద్దుగాలనే అడిగిన," అన్నాడు గుర్వయ్య.

* * *

పర్వతాలు నల్గొండ డిస్కును తుడిచి, కొల్లాపూర్ డిస్కులో ఉన్నదంతా దాని మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. గంటా పది నిమిషాలు పడుతుందని కంప్యూటరు చెప్పింది. మూడున్నర బస్సు పోయింది. అతను ఐదున్నరది చూసుకున్నాడు.

ఆ సమయంలో జానయ్య వజీరాను తన గదిలోకి పిలిచాడు. "కంప్యూటరు దొరకదు గద ఇప్పుడు. టైపు మిషను మీద ఒక మెమో కొట్టు."

"ఎవరికి సార్?"

"నీకు."

ఆమె కాగితం ఎక్కించింది. ఆయన చెప్పాడు, ఆమె కొట్టింది. అనుమతి లేకుండా డిస్కు పేరు మార్చి, తద్వారా కార్యాలయానికి ఘోరమైన నష్టం కలిగించబోయినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజులలో తెలుపవలెను.

వజీరా మిషను ఆపింది. "నష్టం కలిగించబోయింది నేను కాదు గద సార్. కాపాడిన."

జానయ్య ఆలోచించాడు. "ఘోరమైన తీసెయ్."

"నష్టం ఉంచాల్నా?"

"నష్టం కూడ తీసెయ్. పేరు మార్చినందుకు అని ఉంచు. అది మాత్రం ఉండాలె. గుర్వయ్యకు కూడ ఒకటి కొట్టు."

"రోజూ ఓకే నొక్కినందుకు నాకు ఇంకోటి కొట్టాల్నా?" అంది వజీరా.

జానయ్య ఆమె వైపు చూశాడు. ఆ డబ్బా గురించి మొదటి రోజు ఏం మాట్లాడుకున్నదీ ఇద్దరికీ గుర్తుంది. "దాని మీద మెమో వద్దు," అన్నాడు చివరికి. "రేపటి నుంచి అది వస్తే నొక్కకు. నన్ను పిలువు."

ఆమె రెండు మెమోలూ కొట్టి, సంతకం పెట్టించి, తనది తానే తీసుకుని, అందినట్టు రిజిస్టరులో రాసింది. జవాబు కూడా ఆ టైపు మిషను మీదే, సంతకం సిరా ఇంకా ఆరకముందే కొట్టి ఇచ్చింది. జవాబు ఒకటే వాక్యం. పేరు మార్చినది నిజము, మరల మార్చుటకు మేనేజరు గారి అనుమతి కోరుచున్నాను. జానయ్య దాని మీద అనుమతించడమైనది అని రాశాడు. అదే పెన్నుతో, ముప్పై ఒకటి దాకా ఆగకుండా, బల్ల సొరుగు లోంచి ఇంకో కాగితం తీసి దాని మీద కూడా సంతకం పెట్టాడు. అది నాలుగోది.  జవాబు బాగుందని మాత్రం అనలేదు.

గదిలోకి తిరిగి వచ్చేసరికి కాపీ అయిపోయింది. పర్వతాలు డబ్బా మూసి మరలు బిగిస్తున్నాడు. "ఇప్పుడు ఏ పేరు పెట్టినా రెండిట్ల పడ్తది అక్కా," అన్నాడు. పొద్దుటి నుంచి మేడమ్ అన్నవాడు ఎప్పుడు అక్కా అన్నాడో ఇద్దరూ గమనించలేదు.

ఆమె నల్గొండ అని మార్చింది. గుర్వయ్య రిజిస్టరు తెచ్చి పక్కన నిలబడి తారీఖు వేసుకున్నాడు. స్టూలు అడుగున, గుడ్డ మీద మాత్రం కొల్లాపూర్ అలాగే ఉండాలని, అది ఆడిటువాళ్లు రాయమన్నదని చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఒక టేపు విప్పి ఈ రోజు జాబితాను నకలు తీసుకోవాలని వజీరా అడిగింది. గుర్వయ్య చాలాసేపు ఆలోచించి, విప్పిన టేపును ఖర్చు కింద కాక వాడుక కింద రాసుకోవచ్చని కనుక్కుని, బీరువా తాళం తీయడానికి పోయాడు.

కురుమయ్య ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

"చూపిస్త రా తాతా, లోపలికి రా. చెప్పులు విడువు."

అతను వచ్చాడు. గొంగడి కూడా బయట పెట్టాలేమోనని సందేహించి, భుజాన్నే ఉంచుకున్నాడు. ఆమె తెర మీద వేలు పెట్టి చదివింది. "కురుమయ్య, తండ్రి అంజన్న. కేతేపల్లి. గొర్రెలు నలభై రెండు."

కురుమయ్యకు చదువు రాదు. అయినా ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"నలభై రెండు కాదు బిడ్డా," అన్నాడు. "నలభై ఒకటి. మొన్న ఆదివారం ఒకటి పోయింది. మందు కోసమే గద నేను వచ్చింది."

వజీరా రెండును చెరిపి ఒకటి కొట్టింది. డబ్బా లోపల రెండు డిస్కులు ఒకదాని వెంట ఒకటి చిన్నగా చప్పుడు చేశాయి. ఆమె రెండో చప్పుడు వినపడే దాకా ఆగి, అప్పుడు కుర్చీలోంచి లేచింది.